మొద్దుబారని పన్ను

9, సోమవారం

ఈ అక్షరాలు రేపు నాకే అర్థమవుతాయో లేదో.

టైలరమ్మకి నా కుర్చీలో ఫిట్స్ వచ్చాయి. పన్ను ఇంకా ముట్టుకోనే లేదు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చాను, అంతే. ముందు "నాలుకంతా తిమ్మిరెక్కుతోంది డాక్టరమ్మా" అంది. తిమ్మిరెక్కాలనే కదా ఇచ్చింది, హమ్మయ్య, పట్టింది అనుకున్నాను. "నోట్లో ఇనప ముక్క పెట్టుకున్నట్టుంది" అంది. తర్వాత "ఎవరండీ ఆ ఈల వేసేది?" అని అటూ ఇటూ చూసింది. వీధిలో ఎవడో పనిలేనివాడు అన్నాను. ఆ మాట నా నోట్లో ఉండగానే ఆవిడ మూతి ఒక పక్కకి లాగేసింది. కళ్లు పైకి వెళ్లిపోయాయి. కాళ్లు కుర్చీని తన్నడం మొదలుపెట్టాయి.

పద్దెనిమిదేళ్లుగా పళ్లు పీకుతున్నాను. ఇలాంటిది పుస్తకంలో చదవడమే. క్లినిక్కులో నాకు సాయంగా ఉండే పిన్ని పరుగున వెళ్లి ఆక్సిజన్ తెచ్చింది. నేను ఆవిడని పక్కకి తిప్పి పట్టుకున్నాను. కొట్టుకోవడం ఆగింది, దాంతోపాటు ఊపిరీ ఆగింది. ఛాతీ కదలడం లేదని పిన్నే ముందు కనిపెట్టింది. రబ్బరు సంచి నొక్కుతూ ఊపిరి అందించాను. మాస్కు జారిపోతూనే ఉంది. పెదవులు నీలమైపోయాయి. అంబులెన్స్ ఇరవై నిమిషాలకి వచ్చింది.

మత్తు మందు మూడు గాజు గొట్టాలు ఇచ్చాను. మూడే. ఆవిడ బరువు నలభై రెండు కిలోలు. ఈ మందు ఆ బరువుకి మూడు గొట్టాల దాకా ఇవ్వొచ్చు. దాటలేదు.

10, మంగళవారం

మూడే.

11, బుధవారం

ఆసుపత్రికి వెళ్లాను. టైలరమ్మ గొంతులో గొట్టం, పక్కన ఊపిరి మిషను. పోయిన వారమే నా తెల్లకోటు జేబు చిరిగితే నిలబెట్టి కుట్టిచ్చిన మనిషి. మంచం ఎడమ పక్క పట్టీ పట్టుకుని ఆవిడ అక్క కూర్చుంది. నన్ను చూసి లేచి కుర్చీ ఇచ్చింది. తిట్టి ఉంటే నయంగా ఉండేది.

ఐసీయూ డాక్టరు నాకంటే పదిహేనేళ్లు చిన్న. మర్యాదగానే అడిగాడు.

"ఎంత ఇచ్చారు మేడమ్?"

"మూడు. మెపివకైన్, అడ్రినలిన్ లేనిది."

"సూది గుచ్చాక వెనక్కి లాగి చూశారా? రక్తనాళంలో పడితే ఒక్కటే ఎక్కువ."

"చూశాను. రక్తం రాలేదు."

"గుండె కూడా లయ తప్పింది మేడమ్. కొవ్వు మందు ఎక్కించాక కుదుటపడింది." పాలలా తెల్లగా ఉండే ఆ సీసా ఇంకా స్టాండుకి వేలాడుతోంది. మందు పోయి ఆ కొవ్వుకి అతుక్కుంటుంది, గుండెని వదిలేస్తుంది. నాకు తెలుసు. అయినా ఆయన చెబుతుంటే బుద్ధిగా తలాడించాను.

"తిమ్మిరి ఏ పక్క అన్నారు?" అని అడిగాడు.

"నాలుకంతా అన్నారు" అన్నాను.

మెట్లు దిగుతుంటే తట్టింది. నేను ఇంజెక్షన్ ఇచ్చింది కుడి దవడకి. తిమ్మిరి సగం నాలుకకి రావాలి. నాలుకంతా వచ్చిందంటే అది నా సూది చేసిన తిమ్మిరి కాదు, రక్తంలో కలిసిన మందు చేసింది. ఆ ఇనప రుచీ, ఆ ఈలా కూడా అదే. రెండో ఏడాది పరీక్షలో ఇది రెండు మార్కుల ప్రశ్న. నేను హమ్మయ్య అనుకున్నాను.

13, శుక్రవారం

క్లినిక్కు మూసే ఉంది. ఏం చెయ్యాలో తోచక పాత పుస్తకం తీశాను. పరీక్ష రాస్తున్నట్టు రాసుకుంటే మనసు కాస్త కుదురుతుందేమో.

మత్తు మందు గొట్టంలోంచి ఒంట్లోకి వెళ్లాక రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి విద్యుదావేశం ఉన్నది, ఒకటి లేనిది. నరం చుట్టూ ఉన్న కొవ్వు పొరని దాటగలిగేది ఆవేశం లేని రూపమే. దాటి లోపలికి వెళ్లాక సోడియం దారులు మూసేస్తుంది. నొప్పి కబురు మెదడుకి పోదు. అంతవరకు బాగానే ఉంది. చీము పట్టిన చోట ఆమ్లం ఎక్కువ. అక్కడ మందులో ఎక్కువ భాగం ఆవేశం ఉన్న రూపంలోకి మారిపోతుంది. నరం బయటే కూర్చుంటుంది. ఎంత పోసినా పన్ను మొద్దుబారదు.

టైలరమ్మ కింది దవడ పన్ను అదే. బుగ్గ వాచి ఉంది. ముట్టుకుంటే పైప్రాణాలు పైనే పోతున్నాయి ఆవిడకి.

ఇక అడ్రినలిన్. మందుతో పాటు అది కూడా ఉంటే చుట్టుపక్కల రక్తనాళాలు ముడుచుకుంటాయి. మందు ఉన్నచోటే ఉంటుంది, మెల్లిగా రక్తంలోకి పోతుంది. కానీ ఆవిడకి గుండెదడ ఉంది, రోజూ మాత్ర వేసుకుంటుంది. అందుకే అడ్రినలిన్ లేని మందు తీశాను. ఇది ఆవిడ మేలు కోరి చేసిన పని. ఎవరూ ఒప్పుకోకపోయినా ఇది మాత్రం నిజం. అడ్రినలిన్ లేకపోతే మందు తొందరగా రక్తంలోకి జారిపోతుంది కాబట్టి తక్కువ ఇవ్వాలి. నేను రోజూ వాడే, అడ్రినలిన్ కలిసిన మందయితే ఆవిడ బరువుకి ఎనిమిది గొట్టాల దాకా పరవాలేదు. ఇది మూడు.

మూడే ఇచ్చాను.

14, శనివారం

దంత వైద్య మండలి నుంచి విచారణాధికారి వచ్చాడు. బట్టతల, చేతిలో చిన్న సంచి, చెప్పులు బయట విప్పి మరీ లోపలికొచ్చాడు. సూదులు పారేసే పసుపు డబ్బా తెరిపించాడు. మెపివకైన్ పెట్టె చూపించమన్నాడు. యాభై గొట్టాల పెట్టె. సోమవారం ఉదయం టైలరమ్మ కోసమే దాని సీలు తీశాం. ఆ తర్వాత ఎవరికీ వాడలేదు.

పెట్టెలో నలభై మూడు ఉన్నాయి. డబ్బాలో ఏడు ఖాళీవి ఉన్నాయి.

ఆయన రెండుసార్లు చూసి రాసుకున్నాడు. నా వైపు చూడలేదు. ఏడా? నేను ఏడు ఇచ్చానా?

మాకొక పద్ధతి ఉంది. ఖాళీ అయిన గొట్టాన్ని పారెయ్యకూడదు. పేషెంటు కుర్చీ దిగేదాకా ట్రేలో వరసగా పెట్టాలి. ఎన్ని ఇచ్చామో ఒక్క చూపులో తెలుస్తుంది. క్లినిక్కు పెట్టిన రోజు నుంచీ ఇదే పద్ధతి. ఇక పిన్ని సంగతి తెలిసిందే. ట్రేలో దూది ముక్క కనబడితే ప్రాణం ఊరుకోదు. నేను నీళ్లు తాగిన గ్లాసు నేను దించకముందే కడిగేస్తుంది. సోమవారం కూడా మధ్యలో ట్రే సర్దేసి ఉంటుంది. అందుకే నాకు మూడే కనిపించాయి.

అవును, ట్రేలో మూడే ఉన్నాయి. నాకు బాగా గుర్తు.

పద్దెనిమిదేళ్లు చెబుతూనే ఉన్నాను, ట్రే ముట్టుకోకు పిన్నీ అని. ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చింది కదా.

15, ఆదివారం

తమ్ముడు వచ్చాడు. వాడు లాయరు. కోర్టులో మాట్లాడినంత గట్టిగానే ఇంట్లోనూ మాట్లాడతాడు. అమ్మ పోయాక మా ఇద్దరినీ పెంచింది పిన్నే. వాడికి ఆవిడ భోజనం వడ్డిస్తూ ఉండగానే మొదలుపెట్టాడు.

"అక్కా, డాక్టరు పొరపాటు వేరు, సహాయకురాలి పొరపాటు వేరు. ట్రే ఎవరు సర్దారన్నదే ఇక్కడ ప్రశ్న."

నేను పిన్ని వైపు చూడలేదు. గరిటె గిన్నెకి తగిలిన చప్పుడు వినిపించింది.

"నేనే సర్దానని రాసుకోరా" అంది పిన్ని.

"నిజంగా సర్దావా?" అన్నాడు వాడు.

"నాకేం డిగ్రీ ఉంది, లైసెన్సుంది? పోతే దానిది పోతుంది. చదివించడానికి మీ నాన్న ఎన్ని తిప్పలు పడ్డాడో నీకు తెలీదు, నువ్వప్పటికి పిల్లవాడివి. రాసుకో. ముసలిది, శుభ్రం పిచ్చి, తీసి పారేసింది అని రాసుకో."

"పిన్నీ, వాళ్లు నిన్ను నానా మాటలూ అంటారు."

"అననీ. నాకు ఈ చెవి ఎలాగూ సరిగ్గా వినపడదు."

వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. పిన్ని ఇంకో ముద్ద తినమని నన్ను గదమాయించింది. తిన్నాను.

16, సోమవారం

తమ్ముడు రాసిన కాగితం మీద పిన్ని సంతకం పెట్టింది. కళ్లజోడు నాదే పెట్టుకుని పెట్టింది.

18, బుధవారం

టైలరమ్మ కళ్లు తెరిచింది! ఊపిరి గొట్టం తీసేశారట. అక్కని గుర్తుపట్టి పిలిచిందట. ఐసీయూ డాక్టరు ఫోనులో చెబుతుంటే నేను గోడకి ఆనుకుని అక్కడే కింద కూర్చుండిపోయాను. పిన్ని పరిగెత్తుకొచ్చింది, ఏమైందో అని. బతికింది పిన్నీ, బతికింది అన్నాను. ఇద్దరం ఒకళ్లనొకళ్లు పట్టుకుని ఏడ్చాం.

ఆ తర్వాత డాక్టరు చెప్పిన రెండో మాట ఇప్పుడు రాస్తున్నాను. ఊపిరి అందని ఆ కాసేపట్లో మెదడుకి దెబ్బ తగిలింది. చేతులు ఊరికే ఉన్నప్పుడు బాగానే ఉంటాయట. ఏదైనా సన్నటి పని చేయబోతే వేళ్లు ఎగిరెగిరి పడుతున్నాయి. కుడి చెయ్యి మరీను. చెంచా నోటిదాకా రావడం లేదు. నెలల మీద తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు.

సూదిలో దారం ఎక్కించుకుని బతికే మనిషి.

19, గురువారం

పిన్ని క్లినిక్కు తాళం తీసి ట్రేలన్నీ తోముతోంది. వాడని వాటిని కూడా. వెళ్లి పక్కన నిలబడ్డాను. ఎందుకడిగానో నాకే తెలియదు.

"పిన్నీ, ఆ సోమవారం ట్రే ఎన్నిసార్లు సర్దావు?"

"కాగితంలో రాసుందిగా."

"కాగితం సంగతి కాదు."

తోమడం ఆపలేదు. "సర్దలేదే అమ్మడూ" అంది. "ఏడూ వరసగానే పెట్టాను. ఆవిడని అంబులెన్స్ ఎక్కించాకే తీశాను."

"మరి నాకు మూడే కనిపించాయి."

"ఐదోది అందిస్తూ ఇది ఐదు అన్నాను కదే. నాకు లెక్కలు నేర్పకు పిన్నీ అన్నావు."

"నేనన్నానా?"

"అన్నావు."

"ఎప్పుడన్నాను? నాకు గుర్తులేదు. నీకేదో ఇంకో రోజుది గుర్తొచ్చి ఉంటుంది."

"అలాగే అనుకో" అంది పిన్ని. తోమిన ట్రే ఎండలో ఆరబెట్టడానికి వెళ్లింది.

నాకు గుర్తులేదు. అంత గందరగోళంలో ఎవరికి గుర్తుంటుంది? పిన్నికి డెబ్భై దగ్గరపడింది. ఆ చెవి వినపడదని తనే అంది.

20, శుక్రవారం

గుర్తుంది.

ఇది ఐదు అంది. నాకు లెక్కలు నేర్పకు అన్నాను. ట్రే నా మోచేతి పక్కనే ఉంది. వరసగా ఐదూ మెరుస్తున్నాయి. చూశాను.

అసలు ఏం జరిగిందో ఇప్పుడు తెలుస్తోంది. మందు మార్చాను, చేతి అలవాటు మార్చలేదు. రోజూ వాడే మందుతో సన్నగా ఉన్నవాళ్లకి కూడా ఏడు, ఎనిమిది అంటే నాకు భయం లేదు. ఐదు అనగానే, ఇంకా చాలా ఉందిలే అనిపించింది. పెట్టె మీద పేరు వేరే అని తెలుసు, నా చేత్తోనే సీలు తీశాను. తెలిసీ పాత మందు లెక్కలోనే ఉండిపోయాను. ఆ సోమవారం సాయంత్రం పుస్తకం తెరిచి చూసుకుని మూడు అని కనుక్కున్నాను. ఆ మూడునే ఇక్కడ రాసుకున్నాను. ఇవ్వొచ్చు అన్నది రాసి, ఇచ్చాను అనుకున్నాను. పదకొండు రోజులుగా ఈ డైరీలో నాకు నేనే అబద్ధం చెప్పుకుంటున్నాను. ఇది ఎవరూ చదవరు కూడా.

ఆపెయ్యాల్సింది. వాపు తగ్గే మందులిచ్చి నాలుగు రోజులాగి రమ్మనాల్సింది. ఏ డెంటిస్టునడిగినా అదే చెబుతారు. నా కుర్చీలో నొప్పితో ఎవరూ లేవరని ఊరంతా అంటారు. ఆ మాట వినీ వినీ నాకు కళ్లు నెత్తికెక్కాయి. ఒక పన్ను నా మాట వినకపోతే ఒళ్లు మండింది. నిజానికి ఆ ఆరూ ఏడూ ఆవిడ నొప్పి కోసం ఇచ్చినవి కావు.

21, శనివారం

తమ్ముడికి ఫోను చేశాను. కాగితం వెనక్కి తీసుకుందాం అన్నాను.

"నీకు మతి పోయిందా అక్కా? సంతకం అయ్యాక ఏం వెనక్కి? టైలరమ్మకి ఆ రోజు సంగతి ఒక్క ముక్క గుర్తులేదట. కనుక్కున్నాను. గదిలో ఉన్నది మీ ముగ్గురే. ఇంకెవరు చెబుతారు?"

ఆ మాట వినగానే నాకు ఊపిరి తేలికయింది. తేలికయిందని ఇక్కడ రాసుకుంటున్నాను, సిగ్గుగా ఉన్నా.

22, ఆదివారం

విచారణ మంగళవారం పదింటికి. పిన్ని ఆ రోజు కట్టుకోవడానికి చీర ఇస్త్రీ చేసి పెట్టుకుంది. ఏం అడుగుతారే అని అడిగింది. ట్రే ఎందుకు సర్దావని అడుగుతారు అన్నాను. "శుభ్రం కోసమండీ అంటాను, చాలుగా?" అంది. ఆ "అండీ" నా దగ్గర ముందే అని చూసుకుంటోంది.



23, సోమవారం

టైలరమ్మ నన్ను రమ్మని కబురు చేసింది. పిన్నిని తీసుకెళ్లలేదు.

ఇప్పుడు మామూలు వార్డులో ఉంది. దిండుకి ఆనుకుని కూర్చుంది. బుగ్గ వాపు తగ్గింది. ఆసుపత్రివాళ్లే మందులిచ్చి, మొన్న ఆ పన్ను తీసేశారట. నొప్పే తెలియలేదట. అక్క పండు ముక్కలు కోసి ఒక్కొక్కటే నోట్లో పెడుతోంది. నన్ను చూడగానే టైలరమ్మ ముఖం విప్పారింది. నాకు అక్కడినుంచి పారిపోవాలనిపించింది.

"రండి డాక్టరమ్మా. మీరే బతికించారట కదా, ఊపిరి ఊది. మా అక్క చెప్పింది."

అక్క కుర్చీ చూపించింది, కూర్చోలేదు.

"నాకేమీ గుర్తులేదండీ. మీ గుమ్మం ఎక్కడం గుర్తుంది, చెప్పులు విప్పడం గుర్తుంది. తర్వాత ఈ మంచం. మధ్యలోది మొత్తం కత్తిరించేసినట్టు పోయింది. పిన్నిగారు ఏదో పొరపాటు చేశారని ఎవరో అంటున్నారు. పాపం పెద్దావిడ. ఏం జరిగిందో మీ నోటితో వింటే నాకు సరిపోతుంది. మీరు ఏది చెబితే అదే."

మీరు ఏది చెబితే అదే, అంది. చెప్పేశాను. కూర్చుని కాదు, నిలబడే చెప్పాను. మీ బరువుకి మూడు ఇవ్వాలి, ఏడు ఇచ్చాను. పిన్ని ఏ పొరపాటూ చెయ్యలేదు. ఐదోది అని నాకు చెప్పింది కూడా. నేను వినిపించుకోలేదు. ఆ కాగితం అబద్ధం, రేపు వాళ్ల ముందు అదే చెబుతాను. మీ చేతులు ఇలా అవడానికి కారణం నేనే.

అక్క చేతిలో పండు ముక్క అలాగే ఆగిపోయింది. టైలరమ్మ నన్నే చూస్తోంది. కోపం రాలేదింకా, అర్థం చేసుకోవడానికి చూస్తోంది.

"ఏడు సూదులు పొడుస్తుంటే నేనేం చేస్తున్నానండీ?" అంది. "నా నోరు ఊరుకునేది కాదే. కొలత ఒక్క వేలు తప్పితే ఎంతటివాళ్లనైనా అడిగేస్తాను. నేనేమీ అనలేదా?"

ఇది నేను ఎక్కడా రాయలేదు. ఇన్ని పేజీల్లో ఎక్కడా లేదు. వెనక్కి తిప్పి చూశాను కూడా, ఇంటికొచ్చాక.

"అన్నారు" అన్నాను.

"ఏమన్నాను?"

"నాలుగోది అయ్యాక నా చెయ్యి పట్టుకున్నారు. 'చాలు డాక్టరమ్మా, ఇవాళ్టికి వదిలెయ్యండి, వాపు తగ్గాక ఇంకో రోజు వస్తాను' అన్నారు."

"మరి మీరు?"

"మీ చెయ్యి తీసి కుర్చీ మీద పెట్టాను. కదలకుండా ఉండండి అన్నాను."

"ఏ చెయ్యి?" అని అడిగింది అక్క. అంతవరకు ఒక్క మాటా మాట్లాడని మనిషి.

"కుడి చెయ్యి."

టైలరమ్మ దుప్పటి మీద ఉన్న తన కుడి చేతిని చూసుకుంది. ఎత్తబోయింది. వేళ్లు ఎగిరిపడ్డాయి, దించేసింది. పక్క మంచం దగ్గర ఎవరిదో ఫోను మోగి ఆగింది.

"రేపు అక్కడ సూదుల లెక్క చెబుతానన్నారు కదా" అంది చివరికి. ఈసారి డాక్టరమ్మా అనలేదు. "నేను చాలన్నానని, అది కూడా చెప్పండి. అది మీరు చెప్పకపోతే ఎవరికీ తెలీదు. నాక్కూడా."

చెబుతానన్నాను. అక్క లేచి వార్డు తలుపు తీసి పట్టుకుంది. నేను బయటికి వచ్చేశాను.

24, మంగళవారం

విచారణలో రెండూ చెప్పాను, సూదుల లెక్కా, ఆవిడ చాలన్న మాటా. వాళ్లు రాసుకున్నారు. పిన్ని బయట బెంచీ మీద ఇస్త్రీ చీరలో కూర్చుని ఉంది, తన పిలుపు కోసం ఎదురుచూస్తూ. ఇక నిన్ను పిలవరు పిన్నీ, ఇంటికి పోదాం అన్నాను.